వేలికి తిరగని నట్టు

నట్టు మంచిదో కాదో చూడ్డానికి మా ఆయనకి ఒక పద్ధతి ఉండేది. బోల్టుని ఎడమచేత్తో నిలబెట్టి, దాని కొసన నట్టు పెట్టి, చూపుడువేలితో ఒక్క తోపు తోసేవాడు. అది గిరగిరా తిరుగుతూ కిందిదాకా దిగిపోవాలి. దిగితే మంచిది. మధ్యలో ఆగిందంటే దానికి ఏదో రోగం ఉన్నట్టే లెక్క. దాన్ని కిరసనాయిలు పళ్ళెంలో ముంచి, మరలు కోసే ట్యాపు అనే పనిముట్టుని లోపలికి దూర్చి తిప్పి, మళ్ళీ తోసి చూసేవాడు.

ఆయన మల్కాపురంలో పడవల ఇంజన్లు బాగుచేసే ఓ ప్రైవేటు షెడ్డులో ఫిట్టరు. మర్నాడు బిగించాల్సిన నట్లూ బోల్టులూ ముందురోజు సాయంత్రమే టిఫిన్ క్యారేజీలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆ షెడ్డులో ఫిట్టర్లందరిదీ అదే అలవాటు. ఇంటి దగ్గరే అన్నీ వదులు చేసి పెట్టుకుంటే, ఇంజన్ పక్కన ఇరుకులో దూరినప్పుడు చెయ్యి ఆగదని. నా క్యారేజీ గిన్నెల్ని చింతపండుతో తోమినా, బూడిదతో తోమినా కిరసనాయిలు కంపు పోయేది కాదు. నేను తిట్టేదాన్ని, ఆయన నవ్వేవాడు. ఆ తిట్లు లేకపోతే మా ఇంట్లో పొద్దు గడిచేది కాదు.

మా తమ్ముడు మాతోనే ఉండేవాడు. పెద్ద ఓడల్ని పోర్టులోకి లాక్కొచ్చే చిన్న టగ్గు పడవ మీద, ఇంజన్ రూములో ఆయిల్‌మేన్. వాడి గొప్పంతా కుడి అరచేతిలో ఉండేది. ఇంజన్ నడుస్తుండగా దాని ఒంటికి చెయ్యి ఆనించి, ఎక్కడ మామూలు వేడి ఉందో, ఎక్కడ తేడా చేస్తోందో చెప్పేసేవాడు. ఆ ముసలి పడవలో వేడి చూపించే మీటర్లు పాడై కూర్చున్నాయట. అందుకని ఆయిల్‌మేన్ అంటే చెయ్యే. నాకు జ్వరమొచ్చినా వాడు నుదుటి మీద చెయ్యేసి, "దిగిపోతంది అప్పా, లెగిసి కాఫీ ఎట్టు" అనేవాడు. ఎర్రిబాగులోడిలా ఉంటాడు గానీ, చెప్పింది చెప్పినట్టు జరిగేది.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. తమ్ముడు పనిచేసే టగ్గు మా ఆయన షెడ్డుకి మరమ్మతుకి వచ్చింది. ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే ఇనప గొట్టానికి ఓ అతుకు ఉంటుంది. అక్కడ వేడికీ అదురుకీ నట్లు మాటిమాటికీ వదులైపోతున్నాయని పడవ వాళ్ళు ఎక్కడినుంచో కొత్తరకం నట్లు తెప్పించారు. అవి ఎందుకు కొత్తవో, ఏం తేడానో షెడ్డులో ఒక్కడూ చెప్పలేదు. పొట్లం చేతిలో పెట్టి, ఈసారి ఇవి బిగించు అన్నారు, అంతే.

ఆ సాయంత్రం మా ఆయన అరుగు మీద కూర్చుని మొదటి నట్టు తోశాడు. కాస్త దూరం పోయి ఆగిపోయింది. ఇంకోటి తోశాడు. అదీ అంతే.

"ఏటే ఇది! ఒక్కటీ తిరగట్నేదు. ఇవి సేసినోడు కల్లు తాగి సేసినట్టున్నాడు."

తమ్ముడు ఒకటి తీసుకుని కంటి దగ్గర పెట్టుకున్నాడు. "పైన నొక్కుకుపోయినట్టుంది బావ. కన్నం గుండ్రంగా నేదు."

"అదీ సంగతి. ఏ లారీలోనో బరువు కింద పడి నలిగిపోనాయి."

"తిరగకపోతే తిరిగి ఇచ్చెయ్యరాదా, కోడిగుడ్డుకి ఈకలు పీకుతూ కూకోకపోతే?" అన్నాను నేను. అన్నం చల్లారిపోతోందని నా గోల.

"రేపు ఆ గొట్టం కింద దూరీది నువ్వా, నానా? అయినా మనోడుండే పడవే అది. సెడిపోయిన నట్టు ఎడతానా?"

ఒక్కొక్క నట్టులోకీ ట్యాపు దూర్చి తిప్పాడు. కిరసనాయిలు అడుగున సన్నటి ఇనప రజను మెరిసింది. అన్నీ అయ్యాక తోసి చూపించాడు. బొంగరాల్లా తిరిగాయి. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. "ఇప్పుడు బాగున్నాయి బావ!" అన్నాడు. మా ఆయన మొహంలో అంత సంతోషం పండగపూట కూడా చూడలేదు నేను.

పడవ నీళ్ళలోకి వెళ్ళింది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక పొద్దున ఓడని లాగుతుండగా ఇంజన్ చప్పుడు మారిందట. తమ్ముడు వెళ్ళి చూస్తే ఆ గొట్టం దగ్గర పొగ. వాడికి తెలిసిన పద్ధతి ఒకటే. వేడి ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని కుడిచెయ్యి చాపాడు. అప్పటికే నట్లు అదురుకి ఊడి పైకి వచ్చేశాయి. సరిగ్గా అప్పుడే అతుకు విడిపోయింది. లోపలి మంట వాడి చేతి మీదకి కొట్టింది.

షెడ్డు మనిషి వచ్చి చెప్పేసరికి నేను గంజి వారుస్తున్నాను. పూర్తిగా వార్చాను. గిన్నె సరిగ్గా పెట్టి, పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని అప్పుడు ఆసుపత్రికి బయల్దేరాను. బస్సులో పక్కావిడ సీటు దగ్గర గొడవపడితే నేనూ పడ్డాను. దున్నపోతు మీద వాన కురిసినట్టుంది నాకు. ఎవరి తమ్ముడికో జరిగినట్టుంది.

తర్వాత ఇంజన్ల ఇంజనీరు ఒకాయన షెడ్డుకి వచ్చాడు. పొట్లంలో మిగిలిపోయిన కొత్త నట్టు ఒకటి చేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడట. దాని పైభాగం నలిగింది కాదు, కావాలనే నొక్కారు. అలా నొక్కబట్టే అది బోల్టు మరల్ని గట్టిగా కరుచుకుని, ఎంత అదిరినా వదలదు. మామూలు చోట్ల నైలాన్ రింగున్న నట్టు సరిపోతుంది, కానీ ఆ వేడికి నైలాన్ కరిగిపోతుంది కాబట్టి ఇది మొత్తం ఇనుమే. మొదటినుంచి చివరిదాకా పానాతో బిగించుకుంటూ పోవాలి. వేలికి తిరిగిందా, అది పనికిరాని నట్టు.

"నానే కోసీసినాను సార్. అన్నీ నానే," అన్నాడట మా ఆయన.

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి, తమ్ముడి మంచం పక్కన నిలబడి అదే మాట చెప్పాడు. వాడు, "నీకేటి తెలుసు బావ. నాను మాత్రం సూడనేదేటి?" అన్నాడు. నాకు కోపం రావాలి. నేను కోపానికి పెట్టింది పేరు, మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. ఆయన మొహం చూస్తూ కోపం కోసం ఎదురుచూశాను. రాలేదు. అది రాకపోయేసరికి నాకు భయం వేసింది.

కట్లు విప్పాక చూస్తే వేళ్ళు కొక్కేల్లా సగం వంగి బిగుసుకుపోయి ఉన్నాయి. పిడికిలి మూసుకునే రోజు రా, నీ పని నీకే ఉంటుంది అన్నారు పడవ వాళ్ళు. వాడికి వచ్చిన పని అదొక్కటే. వాడు ఎదురుచూసేదీ ఆ రోజు కోసమే.

ఇక రోజూ సాయంత్రం అదే అరుగు మీద, ఆయన ఒళ్ళో వాడి చెయ్యి. గోరువెచ్చటి కొబ్బరినూనె రాసి ఒక్కొక్క వేలే వంచేవాడు. "కొంచెం. ఇంకొంచెం ఓర్సుకో." వాడు పళ్ళు బిగపట్టేవాడు. ఆయన ఇంటికి నట్లు తేవడం మానేశాడు. క్యారేజీ గిన్నెల కంపు పోయింది. మూత తీసి వాసన చూస్తే శుభ్రంగా ఉండేది, అది చూస్తే నాకు దుఃఖం వచ్చేది. అదొక్కటే వచ్చేది.

చాలా కాలానికి ఒక పొద్దున, నేను స్టీలు గ్లాసులో టీ పోసి, చెంగుతో పట్టుకొచ్చి తమ్ముడి ముందు పెట్టాను. వాడు కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు మెల్లగా గ్లాసు చుట్టూ మూసుకున్నాయి. గ్లాసు పైకి లేచింది.

"పట్టీసినాడే! సూడవే!" అని మా ఆయన కేకేసి వీధిలోకి పరిగెత్తాడు. "మావోడు రేపో మాపో డూటీకి ఎల్లిపోతాడు" అని పక్కింటివాళ్ళకి చెబుతున్నాడు.

నేను గ్లాసు వంక చూశాను. ఇంకా పొగలు కక్కుతోంది.

"కాలట్లేదట్రా?" అన్నాను.

వాడు గ్లాసుని ఎడమచేతిలోకి మార్చుకుని, ఉస్స్ అంటూ వెంటనే కింద పెట్టేశాడు. మళ్ళీ కుడిచేత్తో పట్టుకున్నాడు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"తెలవట్నేదు అప్పా," అన్నాడు. వీధి వైపు చూసి, "బావకి ఇప్పుడే సెప్పకు. టీ తాగనీ," అన్నాడు.

మా ఆయన నవ్వుకుంటూ లోపలికి వచ్చి, నాకూ పొయ్యవే అన్నాడు. పోశాను. అలవాటు ప్రకారం చెంగుతో పట్టుకుని ఇచ్చాను. ఆయన మామూలుగా అందుకుని, "అబ్బో, సుర్రుమంది!" అని గ్లాసు అరుగు మీద పెట్టేసి వేళ్ళు ఊదుకున్నాడు. ఊదుకుంటూ తమ్ముడి వైపు తిరిగాడు.

తమ్ముడు గ్లాసు ఇంకా పట్టుకునే ఉన్నాడు.