బాలమణి తాగిన సముద్రం

నళినికి ప్రయాణాలు పడవు. ఘాట్ రోడ్డు మీద నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటుంది. అయినా ఏడాదికోసారి బస్సు మాట్లాడి, అశోక్ నగర్‌లో తానుండే అపార్ట్‌మెంట్ వాళ్లను సముద్రం చూపించడానికి తీసుకెళ్తుంది. చిక్కడపల్లి వైపు తెలిసినవాళ్లు నారాయణగూడ చౌరస్తాలో ఎక్కుతారు. పడని ప్రయాణం ఎందుకని ఎవరూ అడగలేదు.

కారణం ఆమె తల్లి బాలమణి.

ముషీరాబాద్‌లో పుట్టి పెరిగిన బాలమణి ముసలితనం దాకా సముద్రం చూడలేదు. అపార్ట్‌మెంట్ వాళ్లంతా మొదటిసారి భీమిలి వెళ్లినప్పుడు కూతురి వెంట వెళ్లింది. చెప్పులు దూరంగా విడిచి, కొంగు నడుముకు చుట్టి, నీళ్ల అంచుకు నడిచింది. బాసరలో గోదావరి దగ్గర ఏం చేసేదో అదే చేసింది. వంగి దోసిలి పట్టింది. కళ్లకద్దుకుంది. తల మీద చల్లుకుంది. మిగిలింది తీర్థంలా తాగింది.

దగ్గు ఆగలేదు. కళ్ల నిండా నీళ్లు.

ఒడ్డున బూట్లతో నిలబడ్డ దక్షిణామూర్తి అందరికంటే ముందు నవ్వాడు. ఆయనది భీమిలే. బ్యాంకు ఉద్యోగంలో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాడు. అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి.

"ఏవండోయ్, చూశారా! తెలంగాణ అవ్వ సముద్రాన్ని తీర్థం పుచ్చుకుంటోంది. మాక్కూడా కాస్త మిగల్చమ్మా!"

తిరుగు ప్రయాణంలో బస్సు మైకు సీటు సీటుకూ తిరుగుతుంది. చేతికొచ్చినవాళ్లు పాటో కథో వినిపించాలి. అది వాళ్ల ఆనవాయితీ. దక్షిణామూర్తి ఆ కథ చెప్పాడు, దగ్గుతో సహా. తర్వాత వినాయక చవితి మండపంలో చెప్పాడు. కొత్తగా కిరాయికి దిగినవాళ్లకు చెప్పాడు. లిఫ్టులో బాలమణి కనబడితే, "ఏమ్మా, దాహం తీరిందా?" అనేవాడు.

బాలమణి లిఫ్టు ఎక్కడం మానేసింది. తర్వాత కిందికి దిగడమే మానేసింది.

"మల్ల సముద్రం పోదామా అమ్మా?" అని నళిని ఒకసారి అడిగింది.

"వద్దు బిడ్డ. నవ్వుతరు."

ఆ చలికాలంలోనే బాలమణి కన్నుమూసింది. మరుసటి ఏడు నుంచి బస్సు మాట్లాడే పని నళిని తన మీద వేసుకుంది.

ఆమెకు గుర్తుండిపోయినవి ఆ బూట్లు. ఆ రోజు అందరూ తడిశారు, ఆయన బూట్ల పాలిష్ చెడలేదు. ప్రతి యాత్రలోనూ నళిని ఆయన్ని గమనించింది. తొట్లకొండ మీద, రాతిలో తొలిచిన నీటి తొట్ల పక్కన నిలబడి, బౌద్ధ భిక్షువులు తన ఇరుగుపొరుగు అయినట్టు మాట్లాడేవాడు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల మధ్య సొంత పెరట్లో తిరిగినట్టు తిరిగేవాడు. ఇసుక దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు.

"పర్వదినం కాకుండా సముద్రాన్ని తాకకూడదండీ. మా వైపు పట్టింపు. మీకు తెలీదు."

ఆ మాట అన్నప్పుడల్లా ఆయన భార్య సుబ్బలక్ష్మి తల దించుకునేది. నళిని అది కూడా చూసింది.

చివరికి ఒక ఏడు పంచాంగం ముందు పెట్టుకుని రోజు కుదిర్చింది. నోటీసు బోర్డు మీద తేదీ రాసింది, తిథి రాయలేదు. దక్షిణామూర్తికి తిథి చూసుకునే అలవాటు లేదు.

భీమిలిలో బస్సు ఆగగానే మైకు అందుకుంది.

"అందరు వినుండ్రి. ఇయ్యాల మాఘ పున్నమి. సముద్ర స్నానం చేసే రోజు. దక్షిణామూర్తి సార్‌ది ఈ ఊరే. ముందు సార్ దిగి పద్ధతి చూపిస్తరు. ఎనక మనం."

చప్పట్లు మోగాయి.

"ఇవాళా? పౌర్ణమి ఇవాళేనా?"

"గా జనమంత ఎందుకొచ్చిండ్రనుకున్నరు సార్?"

ఒడ్డంతా తడిబట్టలు, పసుపు కుంకుమలు.

"నాకు కొంచెం జలుబండీ..."

"జల్ది దిగుండ్రి సార్," అన్నాడు పై అంతస్తు కిషన్ రావు. "మేం తెలంగాణోళ్లం, మాకేం ఎర్క? జర తొవ్వ చూపెట్టుండ్రి!"

ఆయన బూట్లు విప్పాడు. పాదాలు పాలిపోయి ఉన్నాయి. నీళ్లు చీలమండలకు తగలగానే సుబ్బలక్ష్మి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. చిన్న అల వచ్చింది. దాన్ని చూసి వెనక్కి పరుగెత్తబోయాడు. అది మోకాళ్ల వెనక తాకింది. బోర్లా పడ్డాడు. పిల్లలు కూర్చుని ఆడుకునేంత నీళ్లు. "సుబ్బులూ! సుబ్బులూ!" అని అరిచాడు. తెరిచిన నోట్లోకి సముద్రం వెళ్లింది.

దగ్గు ఆగలేదు. కళ్ల నిండా నీళ్లు.

సుబ్బలక్ష్మి ఆయన్ని లేవదీసింది. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతేనండీ. సముద్రం హోరు వినబడితే నిద్రపోరు. అడిగి మరీ హైదరాబాద్‌కి బదిలీ వేయించుకున్నారు."

అందరూ విన్నారు. కిషన్ రావు నవ్వు మొదలుపెట్టాడు, మిగిలినవాళ్లు అందుకున్నారు. నళిని నవ్వలేదు. మంచినీళ్ల సీసా చేత పట్టుకుని ఆయన మీదికి వంగింది.

"రుచి ఎట్లుంది సార్?"

ఆయన సీసా కోసం చెయ్యి చాచాడు. అప్పుడు సీసా ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో మైకు ఆయన చేతికి తానే అందించింది.

"అవ్వ కత చెప్పుండ్రి సార్."

"ఇప్పుడొద్దండీ నళిని గారూ."

"ఆనవాయితీ గద. పేరుతోని మొదలుపెట్టుండ్రి. మా అమ్మ పేరేంది?"

అన్నేళ్లు ఆ కథ చెప్పినవాడికి ఆ పేరు తెలియదు. స్పీకర్లో ఆయన ఊపిరి మాత్రం వినబడింది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. నళిని పేరు అందించలేదు, మైకు వెనక్కి తీసుకోలేదు. అన్నవరం దాటేదాకా అది ఆయన చేతిలోనే ఉంది.

ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో కిషన్ రావు చెప్పే కథ వేరు. "సుబ్బులూ" అన్న అరుపుతో సహా చెబుతాడు. దక్షిణామూర్తి లిఫ్టు ఎక్కడం మానేశాడు. ఆయన ఇల్లు నాలుగో అంతస్తు. మోకాళ్లు బాగాలేవు.

కింద ఎదురుపడితే నళిని లిఫ్టు తలుపు తెరిచి పట్టుకుంటుంది.

"రాండ్రి సార్."

"మీరు వెళ్లండమ్మా."

ఆమె వెళ్లదు. ఆయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, పైన తన తలుపు వేసుకున్న చప్పుడు వినబడేదాకా, లిఫ్టును అలాగే పట్టుకుని నిలబడుతుంది.