దిబ్బకు ఒక బిందె

నెల్లూరులో కూర్చుని కొండలు కోసే ఉద్యోగం నాది. మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనుచూపు మేరలో పిల్లగుట్ట కూడా కనపడదు. స్క్రీన్ మీదకు మాత్రం ఎక్కడెక్కడి కొండలో వచ్చి కూర్చుంటాయి. రోడ్డుకు కొండ అడ్డం వస్తే దాన్ని ఎంత వాలుగా కోయాలి, ఎంత ఎత్తుకు ఒక బెంచి వదలాలి, ఆ బెంచి ఎంత వెడల్పుండాలి అన్నది సాఫ్ట్‌వేర్‌లో గీసి ఇవ్వడం నా పని. బెంచి అంటే ఏనుగులు ఎక్కేటంత పెద్ద మెట్టు అనుకోండి. కొండను ఒకే గోడలా కోస్తే గట్టి వానకు జారి రోడ్డు మీద పడుతుంది. మధ్యలో మెట్టు ఉంటే పైనుంచి జారిన మట్టి అక్కడ ఆగుతుంది, నీళ్ళు అక్కడి కాలవలో పక్కకు పోతాయి. నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళివారికి ఇదంతా ఓపిగ్గా వివరిస్తే, "అయితే మెట్లు కడతావన్నమాట" అన్నారు. అవునని ఊరుకున్నాను. ఆ సంబంధం కుదరలేదు, నాకేమీ బాధ కలగలేదు.

మా పెద్ద ఇంజనీరుని అందరం సార్ అనే పిలుస్తాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. కాకపోతే ఆ మూడు కాళ్ళకూ లెక్క కట్టి చూపిస్తాడు, అందుకని ఎదురు చెప్పలేం. ఒకరోజు ఆయన కొత్త పని నా ముందు పెట్టాడు. తీరం వెంబడి వచ్చే రోడ్డు, వాకాడు దాటాక ఒకచోట ఇసుకదిబ్బను కోసుకుని పోవాలి. పక్కకు తిప్పుదామంటే ఒకవైపు రొయ్యల గుంటలు, ఇంకోవైపు ఉప్పుకాలవ. రోడ్డు ఎంత లోతున పోవాలన్నది మాకంటే ముందే వేరేవాళ్ళు తేల్చేశారు. మా వంతు పక్క వాలులే.

సర్వే ఫైలు తెరిచి నేల ఎత్తుపల్లాల గీతలు చూశాను. చూడగానే మా మేనత్త ఊరి దిబ్బని గుర్తుపట్టాను. చింతగింజలా ఒకవైపు ఉబ్బి, ఒకవైపు నొక్కుకుపోయిన ఆకారం. చిన్నప్పుడు సెలవు దొరికినప్పుడల్లా పోయి దాని మీదనుంచి తాటాకు మీద కూర్చుని జారేదాన్ని. దాని నొక్కులో, సరిగ్గా దిబ్బ పాదంలో, మా మేనత్త దొరువు ఉంది.

దొరువు అంటే ఇసుకనేలలో తవ్వుకునే గుంట. బావిలాగా లోతుగా ఉండదు. మనిషి నడిచి దిగిపోయేలా వాలుగా ఉంటుంది. రెండు చేతుల్లో రెండు కుండలు పట్టుకుని అత్త దిగేది, ముంచుకుని పైకొచ్చి, కుండ మూతికి అరచెయ్యి అడ్డుపెట్టి నారుమళ్ళ మీద జల్లులా చల్లేది. మిరపనారు, వంగనారు. చుట్టుపక్కల ఎవరు మిరప వేసినా అత్త దగ్గరకే రావాలి. రొయ్యల గుంటలు వచ్చాక ఊళ్ళో బోర్లన్నీ ఉప్పెక్కాయి, మిగతా దొరువులు ఒక్కొక్కటే చెడిపోయాయి. అత్తది మాత్రం తియ్యగా మిగిలింది. ఆ ఇంటి తాగునీళ్ళూ అవే, బతుకుతెరువూ అదే. మామ పోయాక అత్త నెల్లూరుకి రమ్మన్నా రాలేదంటే ఆ గుంట వల్లే.

ఏటా శివరాత్రి దాటాక దొరువు తోడటం ఒక తంతు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుకంతా ఎత్తిపోయాలి. పార పట్టుకునే ముందు, గుంటలో మిగిలిన పాత నీళ్ళు ఒక బిందె ముంచి, దిబ్బ ఎక్కి, దాని నెత్తిన పోసి రావాలి. చెప్పులతో ఎక్కకూడదు. ఆ ఇసుక అప్పటికే కాలుతూ ఉంటుంది. నేను ఒంటికాలి మీద గెంతుతూ ఎందుకని ఏడిస్తే, అత్త వెనక్కి కూడా తిరగకుండా చెప్పేది.

"ఏడాదంతా అది మనకి తాపతా ఉండాది పాపా. మనం దానికి ఒక్క బిందె తాపలేమా?"

ఈ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తుండి ఏం చేశాను అనేదే అసలు సంగతి.

ఇసుక కాబట్టి వాలు నిటారుగా కాక బాగా పరుపుగా పెట్టి, మధ్యలో ఒక బెంచి వదిలి మొదటి నమూనా నడిపాను. వాలు పైకి వెళ్ళి అసలు నేలను కలిసే అంచు స్క్రీన్ మీద ఎర్రగీతగా వస్తుంది. దాని లోపలున్నదంతా రోడ్డుది, బయటున్నది జనానిది. ఆ గీత దిబ్బ నెత్తిని దాటి అవతలి పక్కకు దిగి, దొరువు మధ్యనుంచి పోయింది.

సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"గీత అంటే ఎవురు గీసినారు?" అంది.

"నేనే అత్తా. కంప్యూటర్లో."

"నువ్వు గీసిందే గదా, చెరిపేయి మళ్ళ."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గీత చెరిపితే చెరుగుతుంది, ఇసుక మాట వినదు. వాలు నిటారు చేస్తే గీత వెనక్కి జరుగుతుంది, కానీ దిబ్బ జారుతుంది. కిందనుంచి పోయే బస్సులో ఎవరి బిడ్డలో ఉంటారు. వాలు పరుపు చేస్తే జారదు, కానీ దొరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సార్ దగ్గరకు పోయి ఇది మా అత్తదని చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ అత్తగారిదని ఇసుక నిలబడదమ్మా" అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా లేడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే అత్త ఫోన్. పలకరింపుల్లేవు, తిన్నావా లేదా లేదు. "ఏమైంది? గీత యాడికి వచ్చింది?" అదొక్కటే ప్రశ్న. బెంచిని కాస్త కిందకి దించితే గీత ఇంత జరిగింది, వెడల్పు తగ్గిస్తే ఇంత జరిగింది. జరిపిన ప్రతిసారీ జారుడు లెక్క నడిపేదాన్ని, ప్రతిసారీ అది నిలవదని చెప్పేది. పక్క సీటతను నన్ను చూసి, దిబ్బకి కుచ్చిళ్ళు సవరిస్తున్నావా అక్కా అని ఆటపట్టించాడు. మరి నిజంగా అదే చేస్తున్నాను.

చివరకు దారి దిబ్బలోనే దొరికింది. మట్టి పరీక్షకు బోరు వేస్తే, పైనున్న వదులు ఇసుక కింద, గట్టిపడిన ఎర్రమట్టి పొర తగిలింది. అది బాగా నిటారుగా కోసినా నిలబడుతుంది. కింద భాగం ఆ పొరలో నిటారుగా కోసి, సరిగ్గా పొర నెత్తిన బెంచి పెట్టి, పైన ఇసుకను మాత్రం పరుపుగా వాల్చాను. ఎర్రగీత ఒక్కసారిగా వెనక్కి వచ్చేసింది. దొరువు గట్టుకి అవతల, నాలుగైదు బారల దూరంలో ఆగింది. లెక్కలన్నీ నిలిచాయి. సార్ తప్పు వెతకడానికి ఒక పూటంతా కూర్చుని, దొరక్క సంతకం పెట్టాడు. పెడుతూ, వాలు అడుగున డ్రెయిన్ కాస్త పెద్దది పెట్టమ్మా, ఊట ఉంటే పోవాలి కదా అన్నాడు. పెట్టాను. ఆ డ్రెయిన్ గీసింది కూడా ఈ చేత్తోనే.

ఆదివారం ఊరికి పోయాను. అత్త గట్టు మీద నిలబడి, గీత ఎక్కడో చూపించమంది. సర్వే వాళ్ళు పాతిన రాయి చూపించాను. దాని చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పు కాలితో మెల్లిగా తన్నింది.

"ఇట్టా రావాకు. ఆడ్నే ఉండు," అని రాయికి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "గట్టెక్కినాం పాపా," అంది. ఆ రోజు వండిన మట్టగిడస చేపల పులుసు రుచి ఇంకా నా నాలుక మీదుంది. ఊళ్ళో వాళ్ళు వచ్చి, మేనకోడలు రోడ్డునే జరిపిందంట అని నన్ను వింతగా చూసిపోయారు. నేను రోడ్డును జరపలేదు, వాలును మాత్రమే అని ఎవరికీ చెప్పలేదు. జీవితంలో ఒక్కసారి పొగిడించుకుంటే తప్పేముంది అనుకున్నాను.

రోడ్డు పడింది. దిబ్బ రెండు ముక్కలైంది. కోసిన పక్క ఎర్రగా, నున్నగా, మధ్యలో నా బెంచితో అచ్చం స్క్రీన్ మీదున్నట్టే ఉంది. నా గీతలు నేలమీద నిలబడగా చూడటం అదే మొదటిసారి. గర్వంగానే అనిపించింది.

ఆ తర్వాతి శివరాత్రికి అత్త దొరువు తోడటానికి దిగితే పాత నీళ్ళు బిందె మునిగేటన్ని కూడా లేవు. చిప్పతో ముంచి ముంచి సగం బిందె నింపి, అదే దిబ్బ మీద పోసి వచ్చిందట. తర్వాత తవ్వించింది. నీళ్ళు పడలేదు. ఇంకా తవ్వించింది. పడ్డాయి, ఉప్పు నీళ్ళు. అత్త నాకు చెప్పలేదు. అవే చల్లితే మిరపనారు కొసలు మాడిపోయి, నాలుగు రోజుల్లో మళ్ళన్నీ చీపురుపుల్లల్లా అయ్యాక, వేరే ఎవరో చెబితే పోయాను.

దొరువు చూశాను. మాడిన మళ్ళు చూశాను. తర్వాత రోడ్డు మీదకు నడిచి, కోత అడుగున నిలబడి పైకి చూశాను. గట్టి ఎర్రపొర మీద, బెంచికి కాస్త కిందగా, పొడుగునా ఒక తడి చార ఉంది. దాని వెంట పచ్చగా నాచు పట్టింది. చుక్కచుక్కగా, కొన్నిచోట్ల సన్నటి ధారగా, నీళ్ళు కారి నేను గీసిన డ్రెయిన్‌లో పడుతున్నాయి. అరచేత్తో పట్టి నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. చిన్నప్పటి నీళ్ళే.

అప్పుడు తెలిసింది. నేనూ, అత్తా, ఊరూ, రోజూ ఫోన్లలో కాపాడుకున్నది గుంటను. దొరువంటే గుంట కాదు, దిబ్బ. పడ్డ వానంతా తాగి, ఏడాదంతా నెమ్మదిగా పాదంలోకి విడిచిపెట్టేది అది. దాని కడుపు కోసి, గుంట మిగిలిందని పులుసు వండుకుని తిన్నాం. ఏటా బిందె మోసుకెళ్ళి ఎవరికి పోస్తున్నామో ఆ దిబ్బ సంగతి మాకెవరికీ తట్టలేదు. అన్నేళ్ళు పోసిన అత్తకీ తట్టలేదు, కాళ్ళు కాల్చుకున్న నాకూ తట్టలేదు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద చూపాలో తెలియక రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆఫీసుకు వచ్చి సార్‌కి చెప్పాను. ఆయన నా డ్రాయింగ్ తెరిచి చాలాసేపు చూశాడు. "ఇంకెంత పరుపుగా కోసినా, నిటారుగా కోసినా ఇంతేనమ్మా. రోడ్డు ఆ లోతున పోతే ఇంతే," అన్నాడు. నా తప్పు లేదని చెబుతున్నాడని అర్థమైంది. అది వింటే తేలికపడతానని ఆయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

ఆ వేసవంతా అత్త రోడ్డు పక్క డ్రెయిన్‌లోనే నీళ్ళు పట్టుకుంది. లారీలు దుమ్ము కొట్టుకుంటూ పోతుంటే చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ధార కింద బిందె పెట్టి కూర్చునేది. తాగడానికి సరిపోయేవి, నారుకు చాలేవి కావు. నేను పోయిన ఒకరోజు, నిండిన బిందెను చంకనెత్తుకుని ఇంటివైపు కాక కోత చివరనుంచి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. వెనకే పోయాను. చెప్పులు కింద వదిలేసి, నా బెంచి మీద నడుస్తూ నడుస్తూ మధ్యకు వచ్చి ఆగింది.

"శివరాత్రికి సగం బిందే పోసినా. పైకి ఎక్కలేక పోతన్నా ఇప్పుడు. నీ మెట్టు మీద పోస్తే దానికి అందదా?"

అందుతుందని చెప్పాను. అత్త బిందె వంచింది. నీళ్ళు ఇసుకలోకి ఇంకి కనపడకుండా పోయాయి. ఆ చోటు వైపు చూస్తూనే అడిగింది.

"గీతని ఇటు జరిపినావు గదా అప్పుడు. ఆ నీళ్ళని గూడా ఇటు జరపను రాదా మీ కంప్యూటర్లో?"

"రాదత్తా."

"సరేలే," అంది. ఖాళీ బిందె నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని దిగింది.

మరుసటి వేసవికి ఆ తడి చార కూడా ఆరిపోయింది. నాచు నల్లగా పొలుసులు కట్టి రాలింది. అత్త నారు పోయలేదు. మిరప వేసేవాళ్ళు ఇప్పుడు అల్లూరు పోయి తెచ్చుకుంటున్నారు. అత్త నెల్లూరు వచ్చి నా దగ్గరే ఉంటోంది, కొళాయి నీళ్ళు తాగిన ప్రతిసారీ మొహం చిట్లిస్తుంది.

దొరువు మాత్రం ఇప్పటికీ గీతకు ఇవతలే ఉంది.