సైకిలు వెనక బస్సు

నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్తున్న బస్సులో ఎడమవైపు ముందు సీటు నాది. ఇరుకు రోడ్డు మీద, మా ముందు గడ్డిమోపు కట్టిన సైకిలొకటి పోతోంది. డ్రైవరు హారనైనా కొట్టకుండా దాని వెనకే నిదానంగా నడుపుతున్నాడు.

"ఏందయ్యా, సైకిల్ని గూడా దాటలేవా?" అన్నాడు నా పక్కనున్న పెద్దాయన.

"బెజవాడలో సిటీ బస్సుకి ట్రైనింగిచ్చేటప్పుడు ముందు మమ్మల్ని సైకిలెక్కించారు బాబాయ్. పక్కనించి వాళ్లే బస్సును రయ్యిన పోనిచ్చారు. ట్రైనింగేనని తెలుసు, అయినా ఆ గాలికి హ్యాండిలు చేతిలో నిలిస్తే ఒట్టు!"

రోడ్డు వెడల్పయ్యాక బస్సును సైకిలుకి బాగా ఎడంగా తీసి దాటాడు. కిటికీలోంచి చూశాను. మోపు ఊగనైనా లేదు.

ఇప్పుడు నా కారులో ఏ సైకిలును దాటినా, వెంటనే అద్దంలో దాని హ్యాండిలు వంక చూస్తాను.