పసుపు కొమ్ముల లైసెన్సు

డిగ్రీ పాసైన కొత్తలో మనిషికి లోకంలో రానిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అంతే. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్‌కు పోయే దారిలో ఒక చిన్న మడిగె అద్దెకు తీసుకుని, పసుపు పట్టే గిర్ని పెడతానన్నాను. మా బావ అప్పటికే దుబాయిలో నాకు వీసా మాట్లాడి పెట్టాడు. "లైసెన్సు వస్తె ఈడనే ఉండు. మీ బావ టికెట్ తీసేలోపల రాకుంటె ఇమానం ఎక్కు" అని తేల్చేశాడు బాపు. విమానమంటే నాకు భయం (ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు). ఊరు విడిచి పోవడమంటే ఇంకా భయం.

మున్సిపాలిటీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. "నేను నింపుత తియ్ తమ్మీ" అని నెట్ సెంటర్ అన్న అంటున్నా వినకుండా కీబోర్డు నా వైపు లాక్కున్నాను. చేసే వ్యాపారమేమిటో ఇంగ్లీషులో రాయాలట. మా దిక్కు పసుపంటే కొమ్ములే; మార్కెట్లో రాశి పోసేవీ, గిర్నిలో పట్టేవీ అవే. పసుపుకు ఇంగ్లీషులో ఉన్న అసలు మాట స్పెల్లింగు మీద నాకు చిన్న అనుమానం. అందుకని నాకు బాగా వచ్చిన ఇంగ్లీషులోనే ధీమాగా కొట్టాను: "గ్రైండింగ్ ఆఫ్ ఎల్లో హార్న్స్."

"హారనంటే బండిది గాదు?" అన్నాడు నెట్ సెంటర్ అన్న.

"కొమ్ము గూడ హార్నే అన్నా, నీకు దెల్వదు" అన్నాను, జాలిగా.

వారం దాటినా లైసెన్సు రాలేదు. బావ ఫోన్లు మాత్రం రోజూ వస్తున్నాయి. చివరికి ఒక పొద్దున మున్సిపాలిటీ మేడమ్ ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని తనిఖీకి వచ్చారు. మడిగె అంతా అనుమానంగా కలియజూసి, "పశువుల్ని యాడ కోస్తరు? పశువుల దవాఖాన కెల్లి కాయితం తెచ్చిండ్రా? ఊరి నడుమ కొమ్ములు పిండి పడ్తమంటె పర్మిషన్ ఎట్లిస్తం?" అని గద్దించారు.

ఆ పొద్దున నాతో పాటే మడిగెలో ఉన్న బాపు లోపలికి పోయి పిడికెడు పసుపు కొమ్ములు తెచ్చి ఆమె ముందు చేయి చాపాడు. "గివే మేడమ్ మా కొమ్ములు. పట్టుకొని సూడుండ్రి, పొడువయి."

మేడమ్ కొమ్ముల వంక ఒకసారి, ఫోన్లో నా ఇంగ్లీషు వంక ఒకసారి చూసి, కర్చీఫ్ విప్పి (నవ్వుకు అడ్డమని కాబోలు) కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "గిది ఎవరు రాసిండ్రు?"

నా పని అయిపోయిందనుకున్నాను. దరఖాస్తు మళ్లీ మొదటినుంచీ పెట్టమంటే, ఈలోపు టికెట్ వచ్చేస్తుంది.

"మా పోరడే మేడమ్" అన్నాడు బాపు. "వాని తప్పేం లేదు. ఇంగ్లీషుల్నే మాటలు తక్కువున్నయి. జర మీరే దిద్ది జల్ది ఇప్పియ్యుండ్రి. లేకుంటె వాడు దుబాయి పోవాల్సొస్తది." ఆ చివరి మాట అనేటప్పుడు బాపు మేడమ్ వంక కాకుండా చేతిలోని కొమ్ముల వంక చూశాడు.

మేడమ్ అక్కడికక్కడే దిద్దారు. లైసెన్సు వచ్చిన రోజు బావకు ఫోన్ చేసింది బాపే. "వాడు రాడు, ఇగ టికెట్ గికెట్ ఏం తియ్యకు" అని బజారంతా వినపడేలా అరిచాడు. ఆ గొంతులోని సంతోషం తలుచుకుంటే ఇప్పుడు కళ్లు తడుస్తాయి. ఆ రోజు మాత్రం నేనది పట్టించుకోనే లేదు. గల్లా దగ్గర కూర్చుని, 'హార్న్స్' అన్నది మరీ అంత తప్పు మాటేమీ కాదని నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను, వెర్రివాణ్ణి.