నల్లబెల్లం తొట్టి

యెషయా కట్టిన లెక్కలో తప్పు లేదు. ఆ మాట ఎవరినడిగినా చెబుతారు. లెక్క ఒక దారిన పోయింది, మురికినీళ్ళు ఇంకో దారిన పోయాయి. అంతే జరిగింది.

మెట్‌పల్లికీ ధర్మపురికీ నడుమ ఒక చిన్న పట్నం. పేరు చెబితే నొచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వదిలేద్దాం. ఆ పట్నం చివర, వాగు ఒడ్డున మిషన్ వాడ. అందులో యెషయా ఇల్లు, ఇంటి వెనక తాత తవ్వించిన బావి. ఊరి మురికి కాలువలు, మోరీలన్నీ తెచ్చి ఆ వాగులోనే పడేస్తారు. వాగులో పడింది బావిలోకి ఊరకుండా ఉంటుందా? ఎండాకాలం వస్తే తల్లి రిబ్కమ్మ బిందె పైకి చేది, వాసన చూసి, చెట్టు మొదట్లో కుమ్మరించేది.

యెషయా డిప్లొమా చదివి కరీంనగర్‌లో ఒక కన్సల్టెంటు దగ్గర పనిలో కుదిరాడు. కొన్నేళ్ళకు ఆ ఆఫీసుకే వాళ్ళ ఊరి మురికినీటి ప్లాంటు లెక్కలు కట్టే పని వచ్చింది. అడిగి మరీ తీసుకున్నాడు. ప్లాంటు వస్తే వాగు బాగుపడుతుంది, వాగు బాగుపడితే బావి బతుకుతుంది. అతనికి కావలసింది ఆ ఒక్కటే.

సెలవుకు వచ్చినప్పుడు అన్నం తింటూ తల్లికి లెక్క చెప్పాడు. ముప్పై ఏళ్ళకు ఊళ్ళో యాభై వేల మంది ఉంటారు. మనిషికి రోజుకు నూట ముప్పై అయిదు లీటర్ల నీళ్ళు. ఐదు వంతుల్లో నాలుగు వంతులు మళ్ళీ మోరీలోకే వస్తాయి. అంటే యాభై నాలుగు లక్షల లీటర్లు. ఆ నీళ్ళలో మనిషికి నాలుగైదు తులాల మైల. ఆ మైల తినడానికి కంటికి కనబడని పురుగులు ఎన్ని కావాలి, వాటికి గాలి ఎంత ఊదాలి, నీళ్ళను తొట్టిలో ఎంతసేపు నిలపాలి, ఇదే అతను కట్టిన లెక్క.

"గట్లయితే మన ఊర్ల బంగారం కన్న మైలే ఎక్కువ తులాలున్నదన్నట్టు," అంది రిబ్కమ్మ. అందరూ నవ్వారు. అప్పట్లో ఆ ఇంట్లో నవ్వులుండేవి.

ప్లాంటు హైవేకు అవతల లేచింది. యెషయా కరీంనగర్ వదిలి దానికే ఇన్‌చార్జిగా వచ్చాడు. ప్రారంభం రోజు వేరే ఊరి ప్లాంటు నుంచి పురుగులున్న బురద ట్యాంకర్లో తెచ్చి తొట్టిలో పోశారు. దండలు వేశారు, ఉపన్యాసాలు చెప్పారు, బిర్యానీ తిని పోయారు. ఊరి మురికి మోసుకొచ్చే పెద్ద పైపు మాత్రం హైవేకు ఇవతలే ఆగిపోయింది. రోడ్డు కింద తవ్వాలంటే ఒక ఆఫీసు అనుమతి కావాలి, దానికి ఇంకో ఆఫీసు ఒప్పుకోవాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఇటు వాగు నిండా మైల, తినేవాడు లేడు. అటు తొట్టి నిండా తినేవాళ్ళు, మైల లేదు.

తిండి లేక పురుగులు చావడం మొదలైంది. పైపు వచ్చేదాకా వాటిని ఎలాగైనా నిలపాలని యెషయా పేడ, బెల్లం బోరు నీళ్ళలో కలిపి పోయసాగాడు. చవక కదా అని నల్లబెల్లం కొన్నాడు. ఆ పక్క నల్లబెల్లం మూటలతో తిరిగేది గుడుంబా, అంటే నాటుసారా కాచేవాళ్ళే. ఒకరోజు ఆబ్కారీ వాళ్ళు బండి ఆపారు. పురుగుల కోసమంటే ఎవరు నమ్ముతారు? ప్లాంటుకు తీసుకుపోయి తొట్టి చూపిస్తే, ముక్కులు మూసుకుని, నవ్వుకుంటూ పోయారు. ఆ ఆదివారం పాస్టరుగారు తాగుడు మీద ప్రసంగం చేశారు, యెషయా వైపే చూస్తూ.

రోజూ తొట్టిలో నీళ్ళు గాజు జాడీలో పట్టి అరగంట పక్కన పెట్టేవాడు. గోధుమరంగు బురద అడుక్కి చక్కగా దిగితే పురుగులు బాగున్నట్టే, ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తినేవాడు. దిగకపోతే కంచం పక్కకు జరిపేవాడు. భార్య ఆరాధనకు ఆ తొట్టి సవతి అయింది.

రెండో ఏడు వాడవాళ్ళు వాగు కంపు మీద పైకి ఫిర్యాదు చేశారు. తనిఖీకి వస్తున్నామని కబురొచ్చింది. ఆరాధన మెల్లగా అంది: "గీ వారం బెల్లం బంద్ జెయ్యుండ్రి. సచ్చిన తొట్టి జూస్తే గప్పుడన్న పైపు ఏస్తరు."

ఆమె మాట సబబే అని యెషయాకు తెలుసు. అయినా మర్నాడు బెల్లం మూట విప్పాడు, ఎప్పటికంటే ఎక్కువే పోశాడు. కాలువలు కడిగించాడు. బాగున్న ప్లాంటు చూస్తే పైపు వేయాలని వాళ్ళకే అనిపిస్తుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి అది కాదు. తన లెక్క నలుగురి ముందు చచ్చిపడి ఉండటం అతను చూడలేడు.

అధికారులు వచ్చారు. తొట్టి చూశారు, చివర్న వచ్చే నీళ్ళు సీసాలో పట్టారు. తళతళలాడుతున్నాయి.

"సార్, ఇవి మా ఊరి మోరీ నీళ్ళు గావు," అన్నాడు యెషయా. "మోరీ ఇంక వాగులనే వడుతున్నది. నేనే బెల్లం పోసి వీటిని సాదుతున్న."

పెద్దాయన భుజం తట్టాడు. "మంచిగ జేస్తున్నవు తమ్మీ. మాకు సీసాల ఉన్నదే లెక్క."

రిపోర్టు వచ్చింది. ప్లాంటు బ్రహ్మాండంగా నడుస్తోంది. కాబట్టి ఊరి మురికి వాగులో పడే ప్రశ్నే లేదు. కంపు మిషన్ వాడ దొడ్లదీ, పందులదీ, వాడవాళ్ళే శుభ్రం చేసుకోవాలి. నడిచే ప్లాంటుకు మళ్ళీ పైపెందుకని ఆ పని కూడా మూసేశారు.

వాడలో ఎవరూ యెషయాను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అతనికి అనిపించింది. రిబ్కమ్మ మాత్రం బావి దగ్గరికి పిలిచింది.

"బాయి మీద బండ ఎయ్యి కొడుకా."

"ఇంకొక్కపారి పైకి రాసి జూస్త అవ్వా."

"వద్దు. నీ పురుగులను మంచిగ సాదినవు. గవి బతికినయి." ఆమె కోపంగా అనలేదు. అందుకే అది అతనికి తగిలింది.

పక్కింటి హనుమండ్లు సాయం పట్టగా, తాత తవ్వించిన బావి మీద బండ వేశాడు. ఆ వారమే బెల్లం పోయడం ఆపేశాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. తొట్టి నల్లబడింది, కుళ్ళింది. పై ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే, రిపోర్టు మంచిగున్నప్పుడు నీకెందుకయ్యా పరేషాన్ అన్నారు. చూడటానికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు వాడకు ట్యాంకర్ వస్తుంది, వచ్చిన రోజు. మనిషికి నూట ముప్పై అయిదు లీటర్లని లెక్క కట్టినవాడి ఇంట్లో అందరికీ కలిపి ఆరు బిందెలు. బియ్యం కడిగిన నీళ్ళతో ఆరాధన గిన్నెలు తోముతుంది, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోస్తుంది. మోరీలోకి పోయడానికి ఆ ఇంట్లో నీళ్ళే మిగలవు.