బీడు పెట్టిన చేను

ఆఫీసు మీటింగులో తెర మీద పటంలో చిలమత్తూరు వైపు భాగాన్ని పెద్దది చేసి చూపించగానే నేను ముందుకు వంగి చూశాను. మా నాయన చేను ఉన్న మిట్ట అంతా బూడిద రంగులో ఉంది. రంగుల వివరంలో దాని పక్కన రాసి ఉంది: నిరుపయోగ భూమి.

ఆ రంగు నేనే వేశాను. వానలు తగ్గితే ఏ నేల దేనికి పనికొస్తుంది, ఏ పంటకు ఎంత ధర పలుకుతుంది అని అంచనా కట్టే కంప్యూటర్ మోడల్ మాది. అందులో నేల వాడకం భాగం నాది. సర్వే కాగితాల్లో రైతులు 'బీడు' అన్న చోటల్లా 'నిరుపయోగం' అని కోడ్ ఇచ్చుకుంటూ పోయాను. ఈ జిల్లాలో పుట్టినదాన్ని. చేను బీడు పడటం, బీడు పెట్టడం ఒకటి కాదని నాకు తెలియదా? వేరుశనగ వేసి వేసి అలసిన నేలను మా వాళ్లు రెండేళ్లు గొర్రెల మేతకు వదులుతారు. అదే బీడు పెట్టడం. నాయన గొర్రెలు ఇప్పుడు ఆ నాలుగెకరాల మీదే బతుకుతున్నాయి.

సోలార్ ప్లాంటుకు భూములు వెతికేవాళ్లకు ఆ పటం మర్నాడే వెళ్తోంది.

"సార్, ఇది తప్పు. ఇవి మేత నేలలు" అన్నాను.

మా పై అధికారి నవ్వాడు. "ఇన్ని దినాలకు గుర్తొచ్చిందేమ్మా? ఆడ మీ నాయన చేను గాని ఉండాదా?"

గదిలో మిగతావాళ్లూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉంది, మా నాయన చేనే ఉంది. అది లేకపోతే నాకూ కనిపించేది కాదేమో అన్న ఆలోచన ఇంకా మండించింది. ఎన్ని ఊళ్ల గొర్రెల్ని కుర్చీలో కూర్చుని చెరిపేశానో.

ఇంటికి రాగానే నాయనకు ఫోన్ చేశాను. "సర్వేకు వచ్చినోళ్లకు ఏం చెప్పినావు నాయనా?"

"ఏముండాది చెప్పేకి? బీడు పెట్టినామని చెప్పినా. రాసుకొని పోయినారు. ఏం, మీ కంప్యూటర్‌కు తెలుగు రాదా?"

"దాన్ని పనికిరాని నేల అని పెట్టింది నేనే నాయనా. ఆ భూములు సోలారోళ్లకు చూపిస్తారంట."

నాయన అటు గొర్రెల్ని అదిలించి మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు.

"అట్లయితే ఆ రాసిందాన్ని నువ్వే కొట్టెయ్. లేకుంటే గొర్లను యాడికి తోలల్ల నేను? మీ ఆఫీసుకా?"

నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఇద్దరు ఆడపిల్లలు. భయం లేదని రాస్తే అబద్ధం. కానీ ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా భయం కన్నా కోపమే పైకొస్తోంది.

పొద్దున జడలు వేస్తూ పిల్లలకు చెప్పాను. "నేను ఆఫీసులో ఒక తప్పు రాసినా."

"నీకూ తప్పులొస్తాయా మా?" పెద్దది పకపకా నవ్వింది.

"వస్తాయి. మీ తాత గొర్లు మేసే నేలను పనికిరాదని రాసినా. ఈ పొద్దు కొట్లాడేకి పోతాండా. అది దిద్దేదాకా ఆ పటాన్ని కదలనియ్యను. నేను వచ్చేసరికి పొద్దుపోతే పక్కింటి అవ్వ దగ్గర అన్నం తినండి. నాకోసం ఏడ్వాకండి."