సీటు కింద పట్టే కర్ర

కండక్టరమ్మ కొన్న మొదటి గాలం కర్ర మీద ప్రయాణికులు తడి తువ్వాళ్లు ఆరేశారు.

అది ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాల కర్ర. ముడిస్తే చంకలో ఇముడుతుంది, లాగితే ఇంటి కప్పు తగులుతుంది. ఒక మధ్యాహ్నం బీచ్ స్టాపులో గొట్టాల మధ్య ఇసుక చేరింది. బస్సు తీయాల్సిన వేళైనా కర్ర ముడుచుకోనంది. విజిల్ మూగబోతే కండక్టర్లు ఏం చేస్తారో ఆమె అదే చేసింది. ఫుట్‌బోర్డు అంచుకేసి టకటకా కొట్టింది. విజిల్ అయితే దుమ్ము రాల్చుకుని కూస్తుంది. కర్రలో ఇసుక మాత్రం ఇంకాస్త లోపలికి దిగి తిష్ఠ వేసింది. చేసేది లేక సీట్ల వీపుల మీదుగా దాన్ని పొడుగ్గా పడుకోబెట్టింది. సముద్రస్నానం చేసొచ్చినవాళ్లకి అది కట్టిపెట్టిన దండెంలా కనిపించింది.

"అక్కా, రేపట్నించి క్లిప్పులు కూడా తెద్దామా?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ.

"నువ్వు రోడ్డు చూడు తమ్ముడూ. ఆరేసినవి ఎవరివో నేను చూస్తాను."

సామాన్ల అరకంటే పొడుగైనదేదీ లోపలికి తేకూడదని ఆ బస్సులో రాసి ఉంటుంది. ఆ రూలు చెప్పి ఆమె అంతకుముందే కర్టెన్ రాడ్లతో ఎక్కిన ఒక పెద్దమనిషిని దించేసింది. తువ్వాళ్లు ఆరేసిన రోజు ఆయన మూడో సీట్లో కూర్చుని, ఒక్క మాటా అనకుండా దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. తిట్టినా బాగుండేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఆమెకి చేపల పిచ్చి ఉద్యోగంతోనే అంటుకుంది. డ్యూటీ మారినప్పుడల్లా బస్సు ఒక్కో చోట ఆగేది. ఒకసారి రేవు రాతిగోడ దగ్గర, ఒకసారి పడవలు కట్టే చోట, ఒకసారి పొడుగాటి ఇసుక ఒడ్డున. డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చి కునుకు తీసేంతసేపూ ఆమె నీళ్ల దగ్గర నిలబడేది. మొదట చేత్తోనే దారం విసిరింది, తర్వాత కర్ర పట్టింది. మూడు చోట్లా మూడు రకాల చేపలు, వాటి ఆకలీ మూడు రకాలే. మూడు కర్రలు మోయడానికి బస్సు ఆమె సొంతమా?

ఇంట్లో అసలు వేటగాడు ఆమె మరిది. రేవు గాలం జట్టుకి కెప్టెన్. చేపని పట్టాక మడమలు ఇసుకలో దించి అంగుళం కదలడు కాబట్టి అందరూ లంగరు అనేవాళ్లు. ఏటా జరిగే పోటీలో వదినని తీసుకెళ్లి త్రాసు ముందు కుర్చీలో కూర్చోబెట్టేవాడు.

"నీ కన్ను నిక్కచ్చి వదినా. తూకం నువ్వే చూడాలి."

పొగడ్తలాగే ఉండేది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ కుర్చీ ఆమెకి ముల్లులా గుచ్చుకోసాగింది. అందరి చేపలూ ఆమె చేతిమీదుగా పోతాయి, ఆమె చేప ఒక్కటీ ఉండదు.

ఆ ఏడు జట్టులో ఒక పెద్దాయనకి మోకాలు పట్టేసింది. వేరే రేవులకి వెళ్లి ఆడే జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. పోటీ గెలిచినవాళ్లదే ఆ చోటు. ముందు నుంచీ జట్టులో ఉన్నవాడే గెలిస్తే మటుకు ఎవరిని తీసుకోవాలో కెప్టెన్ ఇష్టం.

"నా పేరు రాయండి" అంది కండక్టరమ్మ.

"మరి తూకం?" అన్నాడు లంగరు.

"మోకాలు నొప్పి ఉన్నాయనకి కుర్చీయే కదయ్యా కావాలి!"

ఆ పోటీకొక పద్ధతి ఉంది. పొద్దున రాతిగోడ మీంచి, మధ్యాహ్నం పడవలోంచి, సాయంత్రం ఒడ్డు మీంచి ఆడాలి. ఒక్కో చోట పట్టినవాటిలో అన్నిటికంటే పెద్ద చేప బరువే కలుపుతారు. రోజంతటికీ ఒకటే కర్ర. పొద్దున్నే దాని పిడికి ఎర్ర తాడు ముడివేసి సీలు పెడతారు. ఇంకో కర్ర ముట్టుకుంటే ఆట అయిపోయినట్టే.

ఆమె గాలాల కొట్టుకి ఒక పురికొస తీసుకుని వెళ్లింది. అంతకుముందే కండక్టరు సీటు కింద పెట్టెని దానితో కొలిచి చివర ముడివేసుకుంది. తన కర్ర డ్యూటీలోనూ తనతో ఉండాలి, లేకపోతే సాధన ఎక్కడ? కొట్టాయన ముందు రెండు ముక్కల కర్ర తెచ్చాడు. పురికొస పక్కన పెట్టి చూస్తే పొడుగు.

"నాలుగు ముక్కలది చూపించండి. గోడ మీంచి తేలికైన ఎర విసరాలి, పడవలోంచి బరువు దించాలి, ఒడ్డు మీంచి దూరం కొట్టాలి."

"అన్ని చేపలకీ ఒకటే కర్రా? ఒకే జత చెప్పులు ఇంటిల్లిపాదీ వేసుకుంటారేంటమ్మా?"

"మా ఇంట్లో స్నానాల గదికి ఒకటే జత. అందరికీ సరిపోతుంది."

కొట్టాయన నవ్వి నాలుగు ముక్కల కర్రలు మూడు దింపాడు. ఆమె దారానికి సీసపు గుండ్ల బకెట్టు కట్టి ఎత్తి చూసింది. మొదటిది పిడి దాకా గడ్డిపోచలా వంగిపోయింది. రెండోది బకెట్టుని అలవోకగా లేపింది. కానీ చిన్న ఎర కట్టి ఊపితే ఎర ఉన్న సంగతే దానికి తెలియలేదు. మూడోది చిన్న ఎరకి కొస వంచింది, బకెట్టుకి నడుము దాకా వంగి అక్కడ నిలబడిపోయింది.

"ఇది ముందు దండం పెట్టి, తర్వాత మెడ పట్టుకునే రకం" అందామె. "ఇదే ఇవ్వండి."

"అతుకులు తిప్పుతూ బిగించాలమ్మా. విసిరేకొద్దీ వదులవుతాయి. మధ్యమధ్య చూసుకోకపోతే పెద్ద చేప లాగినప్పుడు అతుకు దగ్గరే పుటుక్కుమంటుంది."

"మధ్యమధ్య చూసుకోవడమే కదండీ నా ఉద్యోగం."

ఇంట్లో బల్ల మీద నాలుగు ముక్కలూ చూసి లంగరు పడీపడీ నవ్వాడు. "అతుకుల బొంతలా ఉంది వదినా. ఇది చేపని పట్టదు, చేపే దీన్ని పట్టుకుపోతుంది."

"పోతే నీకే మంచిదిగా. కుర్చీలోంచి లేచినదాన్ని మళ్లీ కూర్చోబెట్టొచ్చు."

అతను నవ్వడం ఆపాడు.

పోటీ రోజు పొద్దున ఎదురుగాలి. గోడ కింద పండుగప్పలు చిన్న ఎరకి తప్ప నోరు తెరవట్లేదు. లంగరుది ఒంటి ముక్క కర్ర, రోకలిలా ఉంటుంది. అంత తేలిక ఎర విసిరితే ఎర వెళ్లి అతని బూట్ల ముందే పడేది. చివర్లో చెయ్యంత చేప ఒకటి దొరికింది. కండక్టరమ్మ పట్టింది దానికి రెట్టింపు ఉంది.

పడవలో కథ తిరగబడింది. లోతు నీళ్లలో వంజరం పడితే రోకలి కర్ర దాన్ని బావిలోంచి చేద లాగినట్టు లాగేసింది. ఆమెకి ఒక మోస్తరు చేపే పడింది. పడవ దిగేసరికి లంగరుది పైచేయి. జనంలో సగం మంది అప్పుడే అతని భుజం తట్టేశారు.

"వదినా, మోకాలాయన కుర్చీ భలే మెత్తగా ఉందంటున్నాడు. వచ్చే ఏటికి నీకు అట్టే పెట్టమననా?"

ఒడ్డు మీద అందరూ నీళ్లు తాగుతూ కూర్చుంటే ఆమె నిలబడి కర్రని కొస నుంచి పిడి దాకా ఒక్కో అతుకూ తడుముతూ వచ్చింది. బస్సులో వెనక సీటు నుంచి ముందుకి టికెట్లు చూసుకుంటూ వచ్చే వరస అది. ఒక్క సీటూ వదలకూడదు. నడుము దగ్గరి అతుకు గోరంత జారి ఉంది. ముక్క ఊడదీసి, చీరచెంగుతో ఇసుక తుడిచి, మళ్లీ తిప్పి బిగించింది.

పొద్దు వాలుతుండగా ఒక అల విరిగిన చోట ఆమె ఎర పడింది. పడీ పడగానే కర్ర దండం పెట్టింది, ఆ వెంటనే నడుము దాకా ఒంగింది. రీలు కీచుమని అరుస్తూ దారం వదిలేస్తోంది.

"పార చేప! పెద్ద పార!" ఎవరో కేకేశారు. "ఆ అతుకులు ఆగవు!"

అది ఒడ్డు వెంట పరుగెత్తితే ఆమె కూడా వెంట నడిచింది. లాగితే ఇచ్చింది, ఆగితే చుట్టింది. గొడవపడే ప్రయాణికుడితో గొంతు పెంచకూడదు, దారి మాత్రం వదలకూడదు. అతుకులు కదల్లేదు. మోకాటి లోతు నీళ్లలో వెండి పళ్లెంలా చేప పక్కకి తిరిగినప్పుడు, పక్కవాడొకడు సాయానికని దారం పట్టుకోబోయాడు.

"చెయ్యి వెయ్యకు!" లంగరు అరిచిన అరుపుకి వాడు నీళ్లలో కూలబడ్డాడు. "నువ్వు ముట్టుకుంటే లెక్కలోకి రాదు. మా వదిన తెచ్చుకుంటుంది, తప్పుకో!"

ఆమె తెచ్చుకుంది. మొప్పల్లో వేళ్లు దూర్చి ఒడ్డు మీదికి ఈడ్చింది. కుర్చీలోంచి లేవకూడని మోకాలాయన లేచి నిలబడి మరీ తూచాడు. త్రాసు ముల్లు ఊగి ఊగి ఆగింది. మూడు చేపలూ కలిపితే లంగరు కంటే ఆమెదే బరువు, అదీ కొసరు కాదు, మొగ్గు!

ఈలలతో ఒడ్డు దద్దరిల్లింది. ఆమె మెడలో విజిల్ ఉందన్న సంగతి గుర్తొచ్చి, అందరికంటే గట్టిగా తనే ఊదింది.

జట్టు మొదటి ప్రయాణం ఆమె పనిచేసే బస్సులోనే. ఆ రోజు సెలవు పెట్టి, టికెట్ కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుంది. కర్ర ఉన్న సంచిని ఒడిలో పెట్టుకుంది. డ్యూటీ కండక్టరు లంగరుని మెట్టు మీదే ఆపేశాడు.

"ఆ కర్ర లోపలికి రాదు సార్. రూలు చదవండి."

"వదినా, నువ్వైనా చెప్పు!"

"ఏం చెప్పమంటావు మరిదీ? కర్టెన్ రాడ్లే రానివ్వలేదు నేను. పైకెక్కి టాపు మీద కట్టుకో."

లంగరు నిచ్చెన ఎక్కి, కర్ర కట్టి, దుమ్ము దులుపుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఒడిలోని సంచి వైపు వేలు చూపించాడు.

"ఒకసారి చూడనిస్తావా?"

"చూడు. తిప్పుతూ బిగించాలి."

డ్రైవరు అద్దంలో చూసి కన్ను గీటాడు. "అక్కా, ఇవాళ నువ్వే చెప్పు."

"రైట్ రైట్!" అంది కండక్టరమ్మ, సీట్లోంచి లేవకుండానే.